పత్తి, మిరప నేలల్లో పర్యావరణ పరిశోధన: ఆర్థిక సహాయంతో డాక్టరేట్ అవకాశాలు

గుంటూరు, ప్రకాశం జిల్లాల నల్లరేగడి నేలలు రాష్ట్రానికి పత్తిని, మిరపను అందించడమే కాక వ్యవసాయ శాస్త్రానికి కొన్ని కఠినమైన పాఠాలను కూడా నేర్పాయి. 1980వ దశకం మధ్యలో ఈ ప్రాంతపు పత్తి పొలాలను తెల్లదోమ ముంచెత్తింది. ఆ వెంటనే శనగపచ్చ పురుగు సింథటిక్ పైరిథ్రాయిడ్ మందులకు లొంగని స్థితికి చేరింది. 1987-88లో పంట నష్టపోయి, అప్పులు తీర్చలేక ఈ రెండు జిల్లాల్లో పలువురు పత్తి రైతులు ప్రాణాలు తీసుకున్నారు. ఆంధ్రప్రదేశ్ శనగపచ్చ పురుగులో మందులను తట్టుకునే శక్తి పెరిగిందని ప్రయోగశాలలో నిరూపించిన అధ్యయనం అంతర్జాతీయ పత్రికలో 1989లో వెలువడింది. తెల్లదోమను తట్టుకునే కాంచన పత్తి రకం లాం పరిశోధన కేంద్రం నుంచి వచ్చింది. శాస్త్రం తన పని చేసింది, అయితే పంట పోయిన తరువాత చేసింది.

2021-22లో మిరప రైతులకు అటువంటి అనుభవమే ఎదురైంది. త్రిప్స్ పార్విస్పైనస్ అనే కొత్త రకం తామర పురుగు పూతలో చేరి తోటలకు తోటలను దెబ్బతీసింది. ఈ పురుగు మన దేశంలో ఉన్నదని 2015లోనే బెంగళూరులో బొప్పాయి మొక్కలపై గుర్తించారు. ఆ గుర్తింపునకు, గుంటూరు మిరపపై దాని విజృంభణకు మధ్య ఆరేళ్లు గడిచాయి. ఒక డాక్టరల్ పరిశోధన మొదలై పూర్తి కావడానికి ఆ కాలం సరిపోతుంది.

ఇటువంటి దీర్ఘకాలిక పరిశీలనలో రోజువారీ శ్రమ చాలావరకు పీహెచ్.డి. విద్యార్థిదే. మట్టి నమూనాలు తీసేది, పురుగులను లెక్కించేది, బావి నీటిని పరీక్షకు తెచ్చేది ఆ విద్యార్థే. ఆ మూడు నుంచి ఐదేళ్ల కాలం విద్యార్థికి జీవనాధారం లేకపోతే పరిశోధన సాగదు. కౌలు రైతు ఇంటి నుంచి వచ్చిన విద్యార్థి అసలు దరఖాస్తే చేయడు. కాబట్టి ఫెలోషిప్‌ను విద్యార్థికి చేసే సహాయంగా మాత్రమే చూడరాదు. ఏ ప్రాంతపు ప్రశ్నకు సమాధానం వెదకాలన్నది కూడా దానిపైనే ఆధారపడి ఉంటుంది. ఈ ప్రాంతపు విద్యార్థులకు అందుబాటులో ఉన్న అవకాశాలను, వాటిని పంట కాలానికి అనుగుణంగా వినియోగించుకునే విధానాన్ని ఈ వ్యాసం వివరిస్తుంది.

ఈ నేలల్లో పరిశోధించదగిన అంశాలు

నల్లరేగడి నేల వేసవిలో లోతుగా బీటలు వారుతుంది. తొలకరి వాన నీరు ఆ బీటల గుండా నేరుగా కిందికి దిగుతుంది. నేల రేణువులు పట్టి ఉంచకముందే పురుగుమందులు, నైట్రేట్ ఆ నీటితో పాటు లోతుకు చేరే వీలుంది. ఏ మందు, ఏ లోతుకు, ఎన్ని వానలకు చేరుతుందన్నది పొలంలోనే కొలిచి చెప్పవలసిన విషయం. ఇసుక నేలల కోసం రూపొందించిన నమూనాలు ఇక్కడ యథాతథంగా పనికిరావు.

నీటి వసతి కింద సాగయ్యే మిరపకు ఎకరాకు 120 కిలోల నత్రజని సిఫారసు చేయబడింది. అనేక పొలాల్లో ఇంతకు మించి వేస్తున్నారు. వేసిన నత్రజనిలో కొంత భాగం నైట్రస్ ఆక్సైడ్ వాయువుగా మారుతుంది. నూరేళ్ల కొలమానంలో ఈ వాయువు కార్బన్ డై ఆక్సైడ్ కంటే సుమారు 273 రెట్లు అధికంగా భూతాపాన్ని పెంచుతుందని వాతావరణ మార్పుల అంతర ప్రభుత్వ సంఘం ఆరవ నివేదిక పేర్కొన్నది. డ్రిప్ ద్వారా ఎరువును విడతలుగా ఇచ్చినప్పుడు ఈ ఉద్గారం ఎంత తగ్గుతుంది, దిగుబడి నిలుస్తుందా అన్న ప్రశ్న రైతుకూ, పర్యావరణానికీ సమానంగా అవసరమైనది. మల్చింగ్ షీటు వాడకం పెరిగిన తోటల్లో మట్టిలో మిగిలిపోయే ప్లాస్టిక్ ముక్కల సంగతి మరొక అంశం.

కల్లంలో ఎండిన మిరపకాయ పచ్చికాయ బరువులో కొద్ది భాగమే తూగుతుంది. నీరు పోయినంతగా మందు పోదు. అందువల్ల పచ్చికాయలో స్వల్పంగా ఉన్న అవశేషం ఎండుకాయలో అనేక రెట్లుగా కనిపిస్తుంది. ప్రత్యేక పరిమితి నిర్ణయించని మందులకు ఐరోపా సమాఖ్య కిలోకు 0.01 మిల్లీగ్రాముల అవశేషాన్ని మాత్రమే అనుమతిస్తుంది. భౌగోళిక గుర్తింపు పొందిన గుంటూరు సన్నం మిరప ఎగుమతి ఈ అంకెపై ఆధారపడి ఉంది. చివరి పిచికారీకి, కోతకు మధ్య ఎన్ని రోజుల విరామం ఉంటే ఎండుకాయలో అవశేషం ఈ పరిమితికి లోబడుతుందన్నది మందు మందుకూ విడిగా తేల్చవలసినది.

బాపట్ల తీర మండలాల్లో ఉప్పునీటి సమస్యపై అఖిల భారత సమన్వయ పరిశోధన పథకం కింద బాపట్ల కేంద్రం చాలా కాలంగా పనిచేస్తున్నది. పశ్చిమ ప్రకాశంలో, ముఖ్యంగా కనిగిరి ప్రాంతంలో, భూగర్భ జలాల్లోని ఫ్లోరైడ్ ప్రజారోగ్య సమస్యగా ప్రసిద్ధమైనది. ఆ నీటితో పండిన పంటల్లోకి అది ఎంత చేరుతుందన్నది పరిశీలించదగినది.

ప్రకృతి వ్యవసాయం మరొక విస్తృత క్షేత్రం. గుంటూరు కేంద్రంగా రైతు సాధికార సంస్థ 2016 నుంచి నిర్వహిస్తున్న ఈ కార్యక్రమానికి 2024లో గుల్బెంకియన్ మానవతా పురస్కారంలో భాగం దక్కింది. బ్రిటన్‌లోని రీడింగ్ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు మన రాష్ట్ర రైతుల పొలాల్లోనే ప్రయోగాలు జరిపి ఫలితాలను ప్రచురించారు. ఇక్కడి పొలాలను కొలవడానికి అక్కడివారు వస్తున్నప్పుడు, ఆ పొలాల మధ్య పెరిగిన విద్యార్థులు ఆ పనికి దూరంగా ఉండవలసిన అవసరం లేదు.

ఎక్కడ చేరవచ్చు

లాం ప్రధాన కేంద్రంగా గల ఆచార్య ఎన్.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయంలో సేద్య విజ్ఞానం, మృత్తికా శాస్త్రం, కీటక శాస్త్రం, తెగుళ్ల శాస్త్రం మొదలైన విభాగాల్లో పీహెచ్.డి. చేయవచ్చు. 1945లో స్థాపితమైన బాపట్ల వ్యవసాయ కళాశాల, లాం ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానం పత్తి, మిరప పరిశోధనకు అనువైనవి. పైన పేర్కొన్న పర్యావరణ అంశాలన్నిటినీ ఈ విభాగాల్లోనే చేపట్టవచ్చు. పర్యావరణ శాస్త్రాన్ని ప్రత్యేక విభాగంగా కోరుకునే వ్యవసాయ పట్టభద్రులు న్యూఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధన సంస్థను, కోయంబత్తూరులోని తమిళనాడు వ్యవసాయ విశ్వవిద్యాలయాన్ని పరిశీలించవచ్చు.

పర్యావరణ శాస్త్రం, రసాయన శాస్త్రం, వృక్ష శాస్త్రం వంటి సబ్జెక్టుల్లో ఎం.ఎస్సీ. చేసినవారికి ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయం సమీపంలో ఉంది. రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో ప్రవేశానికి నెట్ అర్హత గాని, ఏపీ ఆర్‌సెట్ గాని మార్గం. తిరుపతి, హైదరాబాద్ ఐఐటీలు, హైదరాబాద్‌లోని మెట్ట వ్యవసాయ పరిశోధన సంస్థ క్రీడా, పటాన్‌చెరులోని ఇక్రిశాట్ కూడా పరిశోధక విద్యార్థులకు పరిచితమైనవే. క్రీడా, ఇక్రిశాట్‌లలో సిద్ధాంత వ్యాస పరిశోధన జరిపినా పట్టా విద్యార్థి నమోదైన విశ్వవిద్యాలయం నుంచే వస్తుంది.

యూజీసీ 2022 నిబంధనల ప్రకారం పీహెచ్.డి. కనీస కాలం మూడేళ్లు, గరిష్ఠ కాలం ఆరేళ్లు. మహిళలకు అదనంగా రెండేళ్ల సడలింపు, 240 రోజుల వరకు ప్రసూతి సెలవు ఉన్నాయి. వ్యవసాయ విశ్వవిద్యాలయాలకు భారత వ్యవసాయ పరిశోధన మండలి రూపొందించిన పాఠ్య ప్రణాళికలో మొత్తం 100 క్రెడిట్లు ఉండగా, వాటిలో 75 పరిశోధనకే కేటాయించారు. సబ్జెక్టుల తరగతులు, సెమినార్లు మిగిలిన 25లోకి వస్తాయి.

ముఖ్యమైన ఫెలోషిప్‌లు

సీఎస్ఐఆర్-యూజీసీ నెట్, యూజీసీ నెట్ పరీక్షల ద్వారా లభించే జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్ అన్నిటికంటే విస్తృతమైన అవకాశం. 2023 జనవరి 1 నుంచి తొలి రెండేళ్లు నెలకు 37,000 రూపాయలు, ఆ తరువాత సీనియర్ ఫెలోగా నెలకు 42,000 రూపాయలు చెల్లిస్తున్నారు. మొత్తం కాలం ఐదేళ్లు. హాస్టల్ వసతి లేనివారికి ఇంటి అద్దె భత్యం అదనం. యూజీసీ నెట్‌లో పర్యావరణ శాస్త్రం ఒక సబ్జెక్టుగా ఉంది. సీఎస్ఐఆర్ పరీక్షలో ఆ పేరుతో సబ్జెక్టు లేదు. జీవ శాస్త్రాలు, రసాయన శాస్త్రాలు, భూ శాస్త్రాలలో తమ చదువుకు తగినది ఎంచుకోవాలి. 2024 నుంచి యూజీసీ నెట్ మార్కులను పీహెచ్.డి. ప్రవేశాలకు కూడా పరిగణనలోకి తీసుకుంటున్నారు. అయితే ప్రవేశానికి మాత్రమే అర్హత పొందినవారికి ఫెలోషిప్ రాదు. ఫలితాల పత్రంలో తాము ఏ కోవలో ఉన్నదీ విద్యార్థులు జాగ్రత్తగా చూసుకోవాలి.

వ్యవసాయ పట్టభద్రులకు భారత వ్యవసాయ పరిశోధన మండలి వారి పీహెచ్.డి. ప్రవేశ పరీక్ష ప్రధాన మార్గం. దీని ద్వారా సీటు పొందిన ప్రతి ఒక్కరికీ ఫెలోషిప్ లభించదు. అది ర్యాంకును బట్టి పరిమిత సంఖ్యలోనే ఇస్తారు. వ్యవసాయ శాస్త్రవేత్తల నియామక మండలి నిర్వహించే నెట్ పరీక్ష అధ్యాపక అర్హతకు సంబంధించినది. దానితో ఫెలోషిప్ ముడిపడి లేదు. ఈ రెంటినీ ఒకటిగా భావించి నష్టపోయే విద్యార్థులు ఉన్నారు.

పోస్టుగ్రాడ్యుయేషన్‌లో విశ్వవిద్యాలయ ప్రథమ స్థానం పొందినవారు కేంద్ర శాస్త్ర సాంకేతిక శాఖ ఇచ్చే ఇన్‌స్పైర్ ఫెలోషిప్‌కు దరఖాస్తు చేయవచ్చు. వ్యవసాయ శాస్త్రాలు కూడా దీని పరిధిలోకి వస్తాయి. ఏటా గరిష్ఠంగా 1,000 ఫెలోషిప్‌లు ఇస్తారు.

షెడ్యూల్డ్ కులాల విద్యార్థులకు ఏటా 2,000, షెడ్యూల్డ్ తెగలకు 750, ఇతర వెనుకబడిన తరగతులకు 1,000 జాతీయ ఫెలోషిప్‌లు ఉన్నాయి. జేఆర్ఎఫ్ కటాఫ్‌కు కొద్ది మార్కుల దూరంలో నిలిచిన వెనుకబడిన వర్గాల విద్యార్థి నిరాశపడి ఊరుకోకుండా ఈ పథకాల ప్రకటనలను గమనించాలి. తల్లిదండ్రులకు ఏకైక సంతానమైన యువతులకు యూజీసీ వారి సావిత్రీబాయి జ్యోతిరావు ఫూలే ఫెలోషిప్ ఉంది.

ఐఐటీల వైపు వెళ్లేవారికి గేట్ పరీక్షలో 2021 నుంచి పర్యావరణ శాస్త్రం, ఇంజినీరింగ్ పేరుతో ప్రత్యేక పేపరు వచ్చింది. 2018-19 కేంద్ర బడ్జెట్‌లో ప్రకటించిన ప్రధానమంత్రి పరిశోధన ఫెలోషిప్ కింద నెలకు 70,000 నుంచి 80,000 రూపాయల వరకు, దానికి తోడు ఏటా 2 లక్షల రూపాయల పరిశోధన గ్రాంటు నిర్ణయించారు. దీనికి పోటీ తీవ్రంగా ఉంటుంది.

ప్రొఫెసర్లకు మంజూరైన ప్రాజెక్టుల్లో జూనియర్ ఫెలోగా చేరి, విశ్వవిద్యాలయ నిబంధనలు అనుమతిస్తే, అదే పనిపై పీహెచ్.డి.కి నమోదు కావడం మరొక పద్ధతి. ఇందులో పొలం, పరికరాలు, రసాయనాలు సిద్ధంగా ఉంటాయి. కాని ప్రాజెక్టు ముగిసిన నాడే జీతమూ ముగుస్తుంది. చాలా ప్రాజెక్టుల కాలం మూడేళ్లే.

ఫెలోషిప్ కాలం, పంట కాలం

ప్రయోగశాలకే పరిమితమైన పరిశోధనలో ఆగిన పనిని మరుసటి వారం మొదలుపెట్టవచ్చు. పొలంలో ఆగిన పనిని మరుసటి ఖరీఫ్‌లోనే మొదలుపెట్టాలి. ఈ తేడాను లెక్కలోకి తీసుకోకుండా ఫెలోషిప్‌ను ఎంచుకున్నవారు చివరి ఏడాదిలో ఇబ్బంది పడతారు.

ఒక విద్యార్థి అక్టోబరులో మూడేళ్ల ప్రాజెక్టులో చేరాడనుకుందాం. ఆగస్టు, సెప్టెంబరు నెలల్లోనే మిరప నాట్లు పూర్తయినందున ఆ ఏడాది పంటలో సొంత ప్రయోగం పెట్టలేడు. తరగతులతో, పుస్తక పఠనంతో తొలి ఏడాది గడుస్తుంది. రెండవ ఏడాది నాటిన పంట తరువాతి ఏప్రిల్‌లో ముగుస్తుంది. మూడవ ఏడాది నాటిన పంట ముగిసేసరికి జీతం ఇంకా ఐదు నెలలే మిగిలి ఉంటుంది. ఆ ఐదు నెలల్లోనే నమూనాల విశ్లేషణ, గణాంకాలు, సిద్ధాంత వ్యాస రచన పూర్తి కావాలి. పొలం ప్రయోగాల ఫలితాలు నమ్మదగినవి కావాలంటే కనీసం రెండు కాలాలు అవసరం. అంటే ఈ విద్యార్థికి అదనంగా ఒక్క కాలం కూడా లేదు.

2023 డిసెంబరు 5న మిచాంగ్ తుఫాను బాపట్ల సమీపంలో తీరం దాటింది. చేతికందవలసిన పత్తి, మిరప, పొగాకు నీట మునిగాయి. అటువంటి ఏడాది ప్రయోగ క్షేత్రం కూడా రైతు పొలంతో పాటే మునుగుతుంది. రైతుకు ఒక పంట పోతుంది, పరిశోధక విద్యార్థికి ఒక ఏడాది పోతుంది. ఫెలోషిప్ గడువు మాత్రం ఆగదు. ఐదేళ్ల ఫెలోషిప్ ఉన్నవారు మరుసటి ఖరీఫ్‌లో ప్రయోగాన్ని తిరిగి వేయగలరు. మూడేళ్ల ప్రాజెక్టులో ఉన్నవారికి ఆ వీలుండదు.

కాబట్టి పొలం ప్రయోగాలు ప్రధానమైన అంశానికి ఐదేళ్ల ఫెలోషిప్ తగినది. మూడేళ్ల ప్రాజెక్టే దొరికినప్పుడు అంశాన్ని అందుకు అనుగుణంగా మలచుకోవాలి. నేల దిమ్మలతో ప్రయోగశాలలో చేసే పరిశీలన, నిల్వ ఉన్న నమూనాల విశ్లేషణ, ఉపగ్రహ చిత్రాల అధ్యయనం వంటివి తుఫానుకు చెడవు. పొలం పనిని రెండు వేర్వేరు ప్రదేశాల్లో, ఉదాహరణకు బాపట్ల తీరంలో ఒకటి, పల్నాడు మెరకలో ఒకటి, పెట్టుకోవడం మరొక రక్షణ.

ఫెలోషిప్ సొమ్ము ప్రతి నెలా క్రమం తప్పకుండా అందుతుందని కూడా భావించరాదు. చేరిక పత్రాలు, ధ్రువీకరణలు పూర్తయ్యేసరికి కొన్ని నెలలు పట్టవచ్చు. బకాయిలు తరువాత ఒకేసారి జమ అయినా, విత్తనాలు, కూలీల ఖర్చు మాత్రం జూన్‌లోనే చెల్లించాలి. మొదటి ఖరీఫ్ ఖర్చు ఏ పద్దు నుంచి వస్తుందో మార్గదర్శకుడితో ముందుగానే మాట్లాడుకోవడం మంచిది.

విదేశీ అవకాశాలు

ఈ జిల్లాల నుంచి ఏటా అనేకమంది విద్యార్థులు ఎం.ఎస్. చదువు కోసం విదేశాలకు వెళ్తున్నారు. ఆ చదువుకు చాలా కుటుంబాలు పొలం తనఖా పెట్టి లక్షల రూపాయల రుణం తెస్తున్నాయి. డాక్టరేట్ విషయంలో పరిస్థితి భిన్నమైనది. అమెరికా విశ్వవిద్యాలయాల్లో సైన్సు పీహెచ్.డి. విద్యార్థులకు సాధారణంగా ఫీజు మినహాయింపుతో పాటు సహాయక వేతనం ఉంటుంది. ఐరోపాలో అనేక దేశాలు పీహెచ్.డి. విద్యార్థిని ఉద్యోగిగా పరిగణించి జీతం ఇస్తాయి. ఐరోపా సమాఖ్యకు చెందిన మేరీ క్యూరీ డాక్టరల్ నెట్‌వర్క్‌లలో ఏ దేశస్థులైనా చేరవచ్చు. అయితే గడచిన 36 నెలల్లో ఆ దేశంలో 12 నెలలకు మించి నివసించి ఉండరాదు. కాబట్టి ఐరోపాలో ఇప్పటికే ఎం.ఎస్. చదువుతున్నవారు ఈ నిబంధనను ముందుగా చూసుకోవాలి.

ఇక్కడి నేలపైనే పరిశోధన చేయదలచినవారికి సాండ్‌విచ్ పద్ధతి అనుకూలమైనది. కోర్సులు, రచన విదేశీ విశ్వవిద్యాలయంలో, పొలం పని స్వదేశంలో జరిగే ఈ పద్ధతికి నెదర్లాండ్స్‌లోని వాగెనింగెన్ విశ్వవిద్యాలయం పేరొందింది. మన దేశంలో నమోదై ఉండగానే ఆరు నుంచి తొమ్మిది నెలలు అమెరికాలో పరిశోధన చేసే అవకాశాన్ని ఫుల్‌బ్రైట్-కలాం క్లైమేట్ ఫెలోషిప్ కల్పిస్తుంది. ఖరీఫ్ నమూనాలను తీసుకుని, ఇక్కడ లేని పరికరాలపై విశ్లేషించి, తిరిగి నాట్ల వేళకు రావడానికి ఆ వ్యవధి సరిపోతుంది. మట్టి నమూనాలను దేశం దాటించడానికి అవసరమైన అనుమతులకు మాత్రం ముందుగానే దరఖాస్తు చేయాలి.

దరఖాస్తుకు ముందు

పరిశోధన ప్రతిపాదనలో ఎక్కువమంది విద్యార్థులు చేసే లోపం అంశాన్ని మరీ విస్తృతంగా తీసుకోవడం. 'మిరప సాగులో పర్యావరణ కాలుష్యం' అన్నది పరిశోధన ప్రశ్న కాదు. 'బీటలు వారిన నల్లరేగడిలో తొలకరి తరువాత ఫలానా మందు ఒక మీటరు లోతుకు చేరుతుందా' అన్నది ప్రశ్న. దానికి అవునని గాని, కాదని గాని కొలిచి చెప్పవచ్చు. ఎన్ని నమూనాలు, ఏ పరికరం, ఎంత ఖర్చు అన్నవి ఆ ప్రశ్న నుంచే తేలుతాయి.

ఇటువంటి ప్రశ్న దొరకడానికి విద్యార్థి ముందుగా రైతుల వద్దకు, మిరప యార్డుకు, పురుగుమందుల దుకాణాలకు వెళ్లాలి. ఏ మందు ఎన్నిసార్లు కొడుతున్నారు, కౌలు రైతుకూ సొంత భూమి ఉన్న రైతుకూ వాడకంలో తేడా ఉన్నదా, బోరు నీరు ఏ నెలలో ఉప్పదేలుతుంది వంటి విషయాలు పుస్తకాల్లో కంటే అక్కడే ముందుగా తెలుస్తాయి. మార్గదర్శకునికి రాసే లేఖలో తన మార్కుల కంటే ముందు ఈ ప్రశ్నను రెండు వాక్యాల్లో చెప్పగలిగిన విద్యార్థికి స్పందన లభించే అవకాశం ఎక్కువ.

నెట్, ఐకార్ పరీక్షలకు ఎం.ఎస్సీ. రెండవ సంవత్సరంలోనే సిద్ధం కావాలి. కుల, ఆదాయ ధ్రువీకరణ పత్రాలను ప్రకటన వెలువడక ముందే తెచ్చుకోవాలి. వయోపరిమితి, చివరి తేదీ, ఫెలోషిప్ మొత్తం ఏటేటా మారే వీలుంది గనుక ఆ ఏటి అధికారిక ప్రకటనే ప్రమాణం.

విశ్వవిద్యాలయాలు చేయదగినవి

విద్యార్థి ఎంత సిద్ధపడినా సంస్థల సహకారం లేనిదే ఫలితం ఉండదు. పీహెచ్.డి. ప్రవేశాలను తొలకరికి ముందే పూర్తి చేస్తే ప్రతి విద్యార్థికీ ఒక ఖరీఫ్ మిగులుతుంది. దీనికి అదనపు నిధులు అవసరం లేదు. తుఫాను వల్ల ప్రయోగం కోల్పోయిన విద్యార్థికి ఒక పంట కాలం పాటు భృతి ఇచ్చే చిన్న నిధిని ఏర్పాటు చేయవచ్చు. పరిశోధన స్థానాల్లో కొన్ని మడులను దీర్ఘకాలిక ప్రయోగాలకు కేటాయిస్తే ఒక విద్యార్థి సేకరించిన సమాచారం తరువాతి విద్యార్థికి పునాది అవుతుంది. నేల సేంద్రియ కర్బనంలో వచ్చే మార్పు మూడేళ్లలో స్పష్టంగా కనిపించదు. నలుగురు విద్యార్థులు వరుసగా పదిహేనేళ్లు కొలిస్తే కనిపిస్తుంది.

ఈ నేలలకు రాబోయే చీడ ఏదో, ఏ మందు ఎప్పుడు పనిచేయడం మానుతుందో ముందుగా చెప్పడం కష్టం. అయితే ఆ మార్పును ఏటేటా కొలిచేవారు ఉంటే తొలి లక్షణాలు కనిపించినప్పుడే రైతును హెచ్చరించవచ్చు. ఆ పనికి కావలసిన ఫెలోషిప్‌లు ఉన్నాయి, ప్రశ్నలు ఉన్నాయి, పొలాలు ఉన్నాయి. రానున్న తొలకరికి ముందు నేల నమూనా తీయవలసిన విద్యార్థి ఈ ఏడాది పరీక్షకు దరఖాస్తు చేయాలి.